ఉప్పుగూడ స్టేషన్లో ప్లగ్గు

ఆఫీసులో నాకు ల్యాప్‌టాప్ ఇచ్చిన కొత్త. ఉప్పుగూడ స్టేషన్లో ప్లగ్గు పక్క బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"లే, ఛార్జింగ్ పెట్టుకోవాలి" అన్నాను.

ఆయన లేచి పక్కన నిలబడ్డాడు.

ఛార్జింగ్ ఎక్కలేదు. ఛార్జర్ పిన్ను ఊడదీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ బిగించాను. బండి దిగగానే ఆఫీసులో చూపించాల్సిన పనంతా అందులోనే ఉంది. గంటసేపు ఆయన నిలబడి చూస్తుండగానే స్క్రీను ఆరిపోయింది.

బండి వస్తుంటే ఆయన జేబులోంచి టెస్టర్ తీసి ప్లగ్గులో పెట్టాడు. లైటు వెలగలేదు.

"దీంట్ల కరెంటు లేదు. నేను మొదలే చూసిన."

"ముందే చెప్పొచ్చుగా!"

"లెవ్వుమన్నరు, లేచిన. కరెంటున్నదా అని అడిగినరా?"

బోగీలో ఆయన పక్కన చోటుంది. దిగేదాకా నేను నిలబడే ఉన్నాను.