నాదం ఆగేదాకా
నేను ఏడో తరగతిలో మానేశాకే మా బడికి మంచి పేరొచ్చింది. మల్కాపురం పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాను కదా అని, బరోక్ అనే పాతకాలపు యూరప్ సంగీత కచేరీ ఉందంటే మా ఆవిడతో వెళ్లాను. పియానోకి తాతలాంటి హార్ప్సికార్డ్ వాయించడానికి ఒక అతిథి వచ్చాడు. సముద్రపు గాలికి సడలిన తీగల్ని ప్రతి పాటకీ ముందు తనే శ్రుతి చేసుకున్నాడు. పాట అయ్యాక కూడా, నాదం పూర్తిగా ఆగేదాకా మీటల మీంచి వేళ్లు తీయలేదు. నేను తొందరపడి చప్పట్లు కొట్టినా తలెత్తలేదు. మా ఆవిడైతే రెప్ప వేయలేదు.

తిరుగు దారిలో బండి మీద అడిగేశాను. “నాను వాయిత్తే ఎప్పుడైనా అలా ఇన్నావేటి?”

“నువ్వు వాయించినంతసేపూ నా ముకమే సూత్తావు బావా. తలూపడానికే సరిపోతాది, ఇంక ఇనేదెప్పుడు?”