ఊట దగ్గర మాస్టారు

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. చేసింది ఆయన బంధువులెవరూ కాదు, ఆయన కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. "నిద్దట్లోనే పోయేరండీ. మీకు చెప్పాలనిపించిందండీ," అన్నాడు.

తొంభైల మొదట్లో అమలాపురంలో మాస్టారు మాకు డిగ్రీలో ఒక ఇంగ్లీషు నవల చెప్పారు. అందులో ఇద్దరు. ఒకడు పుస్తకాల మనిషి, బతుకును దూరం నుంచి చూసి రాసుకుంటాడు. రెండోవాడు తింటాడు, తాగుతాడు, ప్రేమిస్తాడు, చావొస్తుందని తెలిసే దేన్నీ రేపటికి అట్టేపెట్టుకోడు. మాస్టారు రెండోవాడి పక్షం. "నేను మాత్రం మొదటివాణ్ణిరా. బతుకంతా ఒడ్డునే గడిచిపోయింది," అనేవారు. నవ్వుతూ అన్నమాట కాదది.

ఆ కథే దింపు మనిషికీ చెప్పారట. "ఆ రాసుకునే బాబే లేపోతే రెండోవాడి సంగతి మనకెలా తెలుస్తదండీ?" అన్నాడట అతను. ఆ ప్రశ్నను మాస్టారు మా క్లాసుకు తెచ్చారు. 

రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఆగస్టు. ముక్తేశ్వరం దిగువన మాస్టారి ఊరి దగ్గర గోదావరి గట్టు తెగేలా ఉందంటే పేపరు తరఫున వెళ్లాను. రైతులంతా గట్టు పైన ఇసుక బస్తాలు వేస్తున్నారు. మాస్టారొక్కరూ గట్టుకి ఊరి వైపున, అడుగున గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆయన ముందు నేల లోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. టీకొట్టు గ్లాసుతో ఆ నీళ్లు పట్టి, ఒక కన్ను మూసి, వెలుతురుకెత్తి చూస్తున్నారు.

"పాఠం రేపు చెబుదురుగాని, లెగండి మాస్టారూ. ఊరు ములిగిపోయేలా ఉంటే," అన్నాడొక రైతు.

"నీరు గట్టు పైకి రావడానికి ఇంకా రెండడుగులుంది. తేట నీరూరితే భయం లేదు. దీంతో మట్టి వస్తోంది, గట్టు లోపల్నించి కరుగుతోంది. దీని చుట్టూ బస్తాలు పేర్చండి. పూడ్చొద్దు, లోపల నీరు నిలవాలి," అన్నారు మాస్టారు.

ఎవరూ కదల్లేదు. దింపు మనిషి "ఆయ్" అని లుంగీ ఎగ్గట్టి ఊటలోకి దిగాడు. అతను దిగాక బస్తాలు అందించడానికి పదిమంది వచ్చారు.

"కాళ్ల కింద నేల జారుతోందా?" అడిగారు మాస్టారు.

"జారుతోందండీ."

"అయితే బయటికి వచ్చెయ్యి."

"ఉండండి మాస్టారూ. మీరు నీళ్లు చూడండి, నేను బస్తాలు చూసుకుంటాను."

"రమ్మంటుంటే," అని అరిచారు మాస్టారు. ఆయన గొంతు పెరగడం నేను వినలేదు అంతకుముందు. అతను రాలేదు.

అంతమందిలో నిబ్బరంగా ఉన్నది మాస్టారొక్కరేనని నోట్‌బుక్కులో రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను. గ్లాసు చేతిలోనే ఉంది గాని, మాస్టారు చూస్తున్నది నీళ్లను కాదు, అతన్ని.

బస్తాల మధ్య నీరు నిలిచి లేచేకొద్దీ ఊట నెమ్మదించింది. గట్టు నిలబడింది. మర్నాటి వార్తలో బస్తాలు మోసినవాళ్ల పేర్లన్నీ రాశాను. గ్లాసు సంగతి రాయలేదు. రాయవలసింది.

ఆ రోజు ఊట నెమ్మదించాక ఆఖరి గ్లాసు పట్టి మాస్టారు చాలాసేపు చూశారు. మాకు చూపించలేదు. బస్తాలు దాటి మోకాళ్ల దాకా బురదలోకి దిగి, దాన్ని దింపు మనిషి చేతికిచ్చారు. అతను గ్లాసు ఆకాశానికెత్తి, అచ్చం ఆయనలాగే ఒక కన్ను మూసి, చూస్తూ ఉండిపోయాడు.