ఇప్పచెట్టు కింద చీరలు

ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. భద్రాచలం అడవి అంచున మా ఊళ్లో వేసవి మొదలయ్యేసరికి ఇప్పపూలు రాలేవి. తెల్లవారుతుండగా వెళ్లి ఏరుకొచ్చి, ఎండబెట్టి సంతలో అమ్మేవాళ్లం. ఎండుటాకుల మధ్య పూలు కనబడవని ముందురోజు మధ్యాహ్నమే చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి, ఆరేదాకా కాపలా ఉండడం అందరికీ అలవాటు. మా అమ్మా అంతే.

ఒక ఏడు గాలి తిరిగింది. మేం పెట్టిన మంట పొదలకు పాకి, చూస్తుండగానే వెదుళ్ల దాకా వెళ్లింది. అమ్మా నేనూ పచ్చికొమ్మలు విరిచి కొట్టాం. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. చివరికి మంట వాగు దగ్గర ఆగింది. కాలిన నేలమీద అడవికోడి గూడు కనిపించింది. గుడ్లన్నీ నల్లబడ్డాయి. అమ్మ ఆ గూటిమీద రెండు చేతులతో మట్టి కప్పింది.

మరుసటి ఏడు పాత చీరలన్నీ కలిపి కుట్టి, చెట్టు కింద గుంజలు పాతి కట్టింది. పక్కింటి పెద్దమ్మ చూసి నవ్వింది.

"గిదేంది చెల్లె, చెట్టుకు ఉయ్యాల కడ్తున్నవా?"

"ఇంక నిప్పు పెట్టుడు నాతోని కాదక్కా," అంది అమ్మ.

పొద్దున్నే వెళ్లి చూస్తే చీరల నిండా పూలు. మట్టి లేదు, మసి లేదు. పెద్దమ్మ ఒక పువ్వు తీసి నోట్లో వేసుకుంది.

"మా ఇంట్ల గూడ పాత చీరెలున్నయి. ఎట్ల కుట్టాల్నో జెర చూపియ్యి."

పూలేరే కాలంలో అమ్మ మధ్యాహ్నంపూట నిశ్చింతగా కునుకు తీయడం నేను ఆ ఏడే మొదటిసారి చూశాను.