షిగెయో అక్క నిలబెట్టిన కత్తిపిల్ల

జపాన్‌లో మా షిజువోకా ఊళ్లో బొమ్మల ఫ్యాక్టరీ గేటు తొక్కినవాళ్లు లేని ఇల్లు తక్కువ. మా షిగెయో అక్క ముప్పై ఒక్క ఏళ్లు తొక్కింది. పదహారేళ్లు నేను ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాను. అచ్చుల్లోంచి ప్లాస్టిక్ చట్రాలు వచ్చేవి. ఒక్కోదానికీ కాళ్లూ చేతులూ జుట్టుపాయలూ కాయల్లా వేలాడేవి. వాటిని సంచుల్లో వేసి అంటించడమే మా పని. అన్నేళ్లలో ఒక్క బొమ్మ నిలబడగా చూడలేదు.

రిటైరైన మర్నాడే అక్క ఒక పెట్టె కొనుక్కొచ్చింది. అందులో కవచం తొడుక్కుని కత్తి పట్టిన ఆడపిల్ల బొమ్మ, కత్తిపిల్ల, విడి ముక్కలుగా ఉంది. జిగురు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. ముక్కకు ముక్క నొక్కితే టక్కున కూర్చుంటుంది, కీలుకీలూ వంగుతుంది.

"ఈ మోకాళ్లు ఎన్ని వేల సంచుల్లో వేశానే! ఇలా వంగుతాయని ఇవాళ చూస్తున్నా," అంది. నాకు ఏడుపొచ్చింది.

గొడవ నవంబరులో వచ్చింది. ఏటా పేట సంఘం హాల్లో పెద్దవాళ్ల చేతిపనులు ప్రదర్శనకు పెడతాం. అక్క తన పిల్లను తీసుకెళ్లి ముందు బల్ల మీద నిలబెట్టింది. ఆ బల్ల ఎప్పుడూ సంఘం అధ్యక్షుడు మకాబె గారి బోన్సాయ్ కుండీ చెట్లదే, ఎవరో రాసిచ్చినట్టు! ఆయన మొహం చిట్లించాడు.

"షిగెయో గారూ, ఇది చిన్నపిల్లల ఆటవస్తువండీ. ఆ తెర వెనకాల పెట్టుకోండి."

"అరవై ఆరేళ్లదాన్ని చేశానండీ. చిన్నపిల్లలదెలా అవుద్ది?"

"చెయ్యడానికేముంది? నొక్కితే అతుక్కునేదానికి పనితనమేంటండీ! నేనైతే కళ్లు మూసుకుని చేసేస్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం నవ్వింది. ఆ బొమ్మకు మార్చి తగిలించే అరచేతులు నాలుగైదు వస్తాయి. వాటిలో చాచిన కుడి అరచెయ్యి ఇంకా చట్రానికే ఉంది. సంచీలోంచి ఆ చట్రాన్నీ, కత్తెరనూ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కళ్లు తెరుచుకునే చెయ్యండి, చాలు."

హాలంతా జనం. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. కుండీ చెట్టు కొమ్మను మొదలంటా కొయ్యడం ఆయనకు అలవాటు. ఇక్కడా అలాగే ఒక్క వేటుకి కోసేశాడు. అరచేతి అంచు గుంటపడి, తెల్లగా పాలిపోయింది.

"అరెరే, పాడైపోయిందే..."

"ఎందుకు పాడవుద్దండీ? ముందు కాస్త ఎడంగా కొయ్యాలి. మిగిలిన పిసరు రెండోసారి. నేనూ మొదట్లో బోలెడు పాడుచేశాలెండి."

అంటూనే కత్తి పట్టిన చెయ్యి ఊడదీసి, ఆయన కోసిన చెయ్యి టక్కున తగిలించింది. మోచెయ్యి పైకెత్తి, అరచేతిని సరిగ్గా ఆయన చెట్ల వైపు తిప్పింది. పక్క బల్ల మీది కుంచె అడిగి తీసుకుని, పేరు అట్ట మీద అందరికీ కనబడేలా రాసింది: కూర్పు షిగెయో. కుడి అరచెయ్యి మకాబె, సంఘం అధ్యక్షులు.

"ఇప్పుడు తెర వెనక పెట్టమంటారా?"

వచ్చినవాళ్లంతా అట్ట చదివి మెచ్చుకుంటుంటే, మకాబె గారు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లు ముక్కలుగా సంచుల్లోకి వెళ్లిన పిల్ల, మూడు రోజులూ ముందు బల్ల మీదే చెయ్యెత్తి నిలబడింది.