తెర మీద లేని పేరు

నేను ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరయ్యాక నారాయణఖేడ్‌లో ఉంటున్నాను. రక్తం ఇచ్చేవారి పేర్లు ఏళ్ల తరబడి డైరీల్లో రాసుకున్నాను. మేనకోడలు సుజాత వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. బోరంచ ఊరి శంకర్‌కు కామెర్లు వచ్చాయని తెలిసి అతని పేరు తీసేయమన్నాను. ఆమె ఏదో కమాండ్ కొట్టింది. తెర మీద శంకర్ పేరు కనబడలేదు. నేను నిశ్చింతగా ఉన్నాను.

నెల తిరక్కముందే కంగ్టి నుంచి ఒకతను వచ్చాడు. కాన్పైన భార్యకు రక్తం కావాలన్నాడు. పట్టిక ప్రింటు తీసి చేతికిచ్చాను. గంట తర్వాత దవాఖాన నుంచి ఫోన్ చేశాడు.

"శంకరన్న ఒచ్చిండు పెద్దయ్యా. మంచం మీద పండవెట్టిన్రు."

తీయించిన పేరే ప్రింటులో ఉందన్నమాట. ఫోన్ శంకర్‌కు ఇవ్వమన్నాను.

"కామెర్లు తగ్గినయి సార్, మంచిగనే ఉన్న" అన్నాడు శంకర్.

"తగ్గినా నీ రక్తం ఇయ్యొద్దు. నువ్వు ముందుగాల లే. గా ముచ్చట డాక్టర్‌కు చెప్పు."

అతను లేచాడు. కానీ అక్కడ ఆమెకు రక్తం పోతూనే ఉంది. అదే గ్రూపువాళ్లకు వరుసగా ఫోన్లు చేశాను. ముగ్గురు ఎత్తలేదు. చివరికి సిర్గాపూర్ టైలర్ ఒకతను ఎత్తి, బండి మీద బయలుదేరాడు. అతను చేరేలోపు, శంకర్ పేరు ఎలా మిగిలిందని సుజాతను అడిగాను. ఆమె ఫైలు మళ్లీ తెరిచి చూసింది.

"నేను కొట్టిన కమాండ్ అసలు పట్టికను ముట్టదు మామా. పేరు తీసేసిన నకలు చూపెడ్తది, అంతే. గా నకలును నేను సేవ్ చెయ్యలే."

టైలర్ ఇచ్చిన రక్తంతో తల్లి బతికింది. ఇప్పుడు ఏ పేరు తీసినా ఫైలు మూయించి, మళ్లీ తెరిపించి చూస్తాను. నేను అడగకముందే సుజాత ఒక్కో పేరూ పైకి చదువుతుంది.