అత్త చదవని నాలుగు వరుసలు

మా కంప్యూటరుకు ఈమధ్య ఒక అలవాటైంది. ప్రతి శుక్రవారం పొద్దున నేను కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చోగానే, కాపీ తీసి పెట్టమంటారా అని అడుగుతుంది. అడిగేలా పెట్టించుకున్నది నేనే. "తియ్యి తల్లీ" అని పైకే అని మీట నొక్కుతాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న బాపతు నేను. కాకపోతే పట్టుకున్న ఆకుల్ని ఇప్పటికీ వదల్లేదు.

మా తాత ఒక పుస్తకం రాసి పెట్టుకున్నాడు. ఎవరు ఎక్కడినుంచి ఈ పుదుచ్చేరి వైపు వచ్చారు, ఎవరికి ఎవరినిచ్చి చేశారు, ఎవరు ఏ పంట వేళ పుట్టారు, ఏ ఎద్దు ఏ ఏడు పోయింది, అన్నీ అందులో ఉండేవి. చిక్కల్లా అది తెలుగులో ఉండడమే. మా ఇళ్లలో మాట తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఎవరికీ రాదు. రాసినవాళ్లలో తాత ఆఖరు, చదవగలిగినవాళ్లలో ఆయన కూతురు, అంటే మా మేనత్త, ఆఖరు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు బుద్ధి పుట్టి, ప్రతి ఆదివారం నెల్లితోపులో బస్సెక్కి ఏంబలంలో అత్త ఇంటికి వెళ్లేవాణ్ణి. అత్త తిన్నె మీద కూర్చుని, భూతద్దం పట్టుకుని చదివేది. నేను ఆమె గొంతు రికార్డు చేసుకుని, పుటలకు ఫోటోలు తీసుకుని, ఇంటికొచ్చి అంతా కంప్యూటర్లో తమిళ అక్షరాల్లో కొట్టేవాణ్ణి. అత్త ఏదీ తిన్నగా చదివే మనిషి కాదు. ఒక ముత్తాతకూ ఆయన రెండో పెళ్లానికీ మధ్య బెండతోటలో పడ్డ పక్కింటి మేకను తిట్టాలి, లోపల కుక్కరు ఎన్ని కూతలు కూసిందో కోడల్ని అడగాలి. వంశవృక్షం శుభ్రంగా ఉండాలని కొట్టేటప్పుడు ఆ మేకల్నీ కుక్కర్నీ నేను జాగ్రత్తగా ఏరిపారేసేవాణ్ణి.

చదవడం అయ్యేసరికి పుస్తకం సగం పొడిగా మారింది. తాత రాతలో చెదలు తిన్నంత తినగా మిగిలింది మా చేతుల్లో రాలుతోంది. పెద్దల పేర్లున్న కాగితం పాత పేపర్లవాడికి వెయ్యకూడదు, కాలికింద పడకూడదు, దాని పని తీరాక పసుపుబట్టలో చుట్టి తమిళుల ఆడి నెల అమావాస్యనాడు సముద్రానికి ఇవ్వాలని మా ఇంటి ఆచారం. "అంతా కంప్యూటర్లో భద్రంగా ఉందత్తా" అన్నాను, ఏదో కోట కట్టినవాడిలా. "అట్లయితే సాగనంపుదాంరా. మా నాయన ఎంతకాలమని ఈ చెదల్లో పడుంటాడు?" అంది. ఆ రోజు తీరమంతా తర్పణాలు వదిలేవాళ్లతో కిటకిటలాడుతోంది. మోకాటిలోతు నీళ్లలో దిగి నా చేతులతో నేనే ఆ పుస్తకాన్ని వదిలాను. అల రెండుసార్లు దాన్ని తిరిగి నా కాళ్ల దగ్గరికే తెచ్చింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. మూడోసారి పట్టుబట్టి విసిరాను.

దీపావళికి ముందు ఒక రోజు కంప్యూటరు తెరుచుకోలేదు. గోడమీద బల్లిలా లోపలినుంచి టిక్కుటిక్కుమంది, అంతే. కోసపాళయంలో ఒక సందులో కుట్టుమిషన్ల కొట్టు పక్కన కంప్యూటర్లు బాగుచేసే ఆమె ఉంది. మెడలో భూతద్దం వేలాడేసుకుని ఉండేది, దాన్ని చూస్తే నాకు అత్త గుర్తొచ్చేది. "వేరే చోట కాపీ లేదా సార్?" అని అడిగింది. లేదన్నాను. "అసలు పుస్తకం?" సముద్రంలో ఉందన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, పెట్టెను లోపలికి తీసుకెళ్లింది. పెట్టె ఆమె దగ్గరున్న నెలన్నరా జలుబని, బస్సు లేదని అత్తకు సాకులు చెప్పి ఏంబలం ముఖం చూడలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చేది. ముప్ఫై ఏళ్లు ఆఫీసులో ఊరందరి ఫైళ్లూ కాపాడినవాణ్ణి, ఇంటి ఫైలు ఒక్కటి పోగొట్టాను.

చివరికి ఆ కొట్టు ఆమె ఫోను చేసింది. నేను కొట్టిన వంశవృక్షం పోయింది. ఫోటోలు ఒక్కటీ తెరుచుకోలేదు. తిరిగి వచ్చినవి అత్త గొంతు ముక్కలు, ఇరవై ఏడు. వాటికి నేను పెట్టిన పేర్లు పోయి అంకెలు మిగిలాయి. ఏది ముందో ఏది వెనకో చెప్పగలిగింది ఇంకెవరు? మర్నాడే బస్సెక్కాను. ఆపాటికి అత్త కళ్లు బాగా మసకబారాయి, భూతద్దం గూట్లోకి చేరింది. తల వంచుకుని సంగతంతా చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. "విత్తనం వడ్లు నాలుగిళ్లల్లో దాచేవోళ్లంరా మనం. నువ్వు అంతా ఒక డబ్బాలో పెట్టి, అసలుదాన్ని సముద్రంలో ఏసొచ్చినావా? సరేలే, ఏందొచ్చిందో పెట్టు, విందాం."

మూడు ఆదివారాలు విన్నాం. నేను ఏరిపారేసిన మేకే మాకు దారి చూపింది. మేకను తిట్టింది వేసవిలో, కాబట్టి ఆ ముక్క ముందు. వాన చప్పుడున్నది తరవాత. అట్లా వరస కుదురుతుండగా, ఒక ముక్కలో అత్త గొంతు ఆగింది. వేలు కాగితం మీద జరిగిన చప్పుడు, ఒక నిట్టూర్పు, తరవాత మా చిన్నాన్న పుట్టుక. రికార్డు చేసిన నాడు నేనది గమనించనేలేదు. "ఏంటికి ఆపినావత్తా? ఆడ ఏముండింది?" అన్నాను. అత్త పైట సర్దుకుంది. "ఆడ నా పుట్టుక రాసుండాది. దాంట్లోనే మా అవ్వ ముఖం మాడ్చుకునిందనీ ఉండాది. పోయినోళ్లమీద చాడీ చదవాల్నా? నా గొప్ప నేనే చెప్పుకోవాల్నా? దాటేసినా."

బతిమాలగా బతిమాలగా చెప్పింది. చదవకపోయినా మరచిపోలేదు, తాత రాసింది రాసినట్టే ఒప్పజెప్పింది. "శనక్కాయ పీకే నాడు ఆడబిడ్డ పుట్టింది. మా అమ్మ ముఖం మాడ్చుకునింది. నాకు మటుకు పండగ. దీనికి మన అక్షరాలు నేర్పిస్తాను."

కంప్యూటరు చెడిపోయి ఉండకపోతే ఈ నాలుగు వరుసలు నేను చదవలేని ఆ ఫోటోల్లోనే ఉండిపోయేవి, నాకు తెలిసేదీ కాదు. అందుకని ఆ టిక్కుటిక్కు మీద నాకిప్పుడు కోపం లేదు. ఆ ముక్కలిప్పుడు నాలుగిళ్లలో ఉన్నాయి, మేకతో, కుక్కరుతో సహా. ఆ వరుసలు చెప్పిన ఆదివారమే అత్తను అక్షరాలు నేర్పమన్నాను. కళ్లు కనబడకపోయినా ఆమె వేలికి అన్నీ గుర్తే. చెంబు నీళ్లలో వేలు ముంచి తిన్నె మీద రాసేది, ఎండకు అది ఆరేలోపు నేను పలకలో దించుకోవాలి. ఆలస్యమైతే మొట్టికాయ. అరవై దాటాక మొట్టికాయ తినడంలో ఒక సుఖముంది, తిన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇవాళ ఈ మాత్రం తెలుగు రాస్తున్నానంటే అది ఆ తిన్నె చలవే. నేను తప్పుల్లేకుండా రాసిన మొదటి తెలుగు మాటలు ఆ నాలుగు వరుసలు. రాసి చదివి వినిపిస్తే అత్త కాగితం తీసుకుని, కనబడకపోయినా, వాటిమీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది, ఈసారి ఎక్కడా దాటెయ్యకుండా. శనక్కాయ పీకేనాడు తాత అనుకున్న మాట నా చేతిదాకా రావడానికి ఎనభై నాలుగేళ్లు పట్టింది. కాలానికేం తొందర, తడి ఆరేలోపు రాసుకోవలసింది మనమే.