సత్రప్ కాదు, క్షత్రప

మా ఆయనకు వై టూ కే ప్రాజెక్టు వస్తే, ఆయన వెంట నేను సిడ్నీ వచ్చిన. ఆ రోజుల్ల మేముండే పెండిల్ హిల్ పేటల ఏ తెలుగోళ్ల ఇంటికి భోజనానికి పోయినా ఒకటే పాట: "ఖాళీగ ఎందుకు కూసుంటవమ్మా, కంప్యూటర్ కోర్సు చెయ్యి." మా వీధి చివర ఆంటీ అయితే పప్పు వడ్డిస్త కూడా అదే. నాకేమో చరిత్ర పిచ్చి. కరీంనగర్‌ల తెలుగు మీడియంల బీఏ చదివిన.

యూనివర్సిటీల ఎమ్మేకి అప్లికేషన్ పెట్టిన. ప్రొఫెసరమ్మ "నీ ఇంగ్లిష్ మీద నాకు అనుమానం. క్లాసుల ఒకసారి మాట్లాడు, విని చెప్త" అన్నది. టాపిక్ కూడా ఆమెనే ఇచ్చింది: పాతకాలం పర్షియాల రాజు ఒక్కో రాష్ట్రానికి పెట్టిన గవర్నర్లు. కరీంనగర్ నుంచి మా అత్తమ్మ ఫోన్ల తీర్పు చెప్పేసింది: "సీటు రాకుంటే మాట్లాడకుంట కంప్యూటర్‌ల చేరు." సరే అన్న. అన్న గని, ఆ రాత్రే పుస్తకం ముందేసుకున్న.

క్లాసుల నిలబడి మాట్లాడుడు మొదలువెట్టిన. పుస్తకంల ఆ గవర్నర్‌ని సత్రప్ అంటరు. నా నోట్లెకెళ్లి మాత్రం "క్షత్రప" అని వచ్చింది. దిద్దుకుందామనుకుంటే మళ్ల అదే. వెనక కూసున్న ఒకాయన కిసుక్కున నవ్వి, "సత్రప్" అని దిద్దిండు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ప్రొఫెసరమ్మ కండ్లద్దాలు తీసి "ఏమన్నవ్?" అన్నది.

అయిపాయె నా సీటు, అనుకున్న. అంతల నాకు కోపమొచ్చింది. కోపమొస్తే ఇంగ్లిష్ దానంతటదే వస్తది నాకు! "మా బడి పుస్తకంల శాతవాహనులు ఓడగొట్టింది క్షత్రపులనే. అది పర్షియా మాటే, మా దిక్కు నడిచొచ్చింది. రాజ్యాన్ని కాచేటోడని అర్థం. గ్రీకులకు నోరు తిరగక సత్రప్ చేసిన్రు. మాకు తిరుగుతది."

క్లాసు గొల్లుమన్నది. ఈసారి నవ్వు నా దిక్కు. ఆ వెనకాయన ఊకుంటడా? "మరి అంత దూరంల ఉన్న గవర్నర్‌ని రాజు ఎట్ల నమ్ముతడు?" అని అడిగిండు.

"నమ్మడు. అందుకే 'రాజుగారి కన్ను' అని ఒకరిని తనిఖీకి పంపుతడు. మా ఇంట్ల చూడు. మా అత్తమ్మ చక్రవర్తి, ఉండేది ఇండియాల. సిడ్నీ వంటింటికి నేను క్షత్రపను. మా వీధి చివర ఆంటీ రాజుగారి కన్ను. నేను అన్నం మాడగొడితే గిన్నె చల్లారకముందే అత్తమ్మకు తెలుస్తది."

ప్రొఫెసరమ్మ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "ఫిబ్రవరిల వచ్చి చేరు" అన్నది. అబ్బ, ఆ మాట! ఇప్పటికీ చెవుల మోగుతనే ఉన్నది.

రైలు దిగంగనే జిలేబీలు కొని, ముందుగాల ఆంటీ నోట్లె పెట్టి, గర్వంగ సంగతంత చెప్పిన. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని అత్తమ్మకు ఫోన్ కలిపిన.

"తెల్సు బిడ్డా, సీటొచ్చిందట గద! ఆంటీ ఇప్పుడే చెప్పింది. వాడకట్టోళ్లందరు ఈడనే కూసున్నరు. ఇగ కంప్యూటర్ పేరు ఎవరన్న ఎత్తితే నాకు చెప్పు. అవ్ గని, ఆ గవర్నర్‌ని ఏమంటరో ఒక్కసారి చెప్పు, వీళ్లు అడుగుతున్నరు."

"క్షత్రప, అత్తమ్మా."

"ఓసి, మన మాటే గద!"